బంగారం, ఇసుక, ఇనుము మీద ఎక్కి వెళ్లే ప్లాటినం మందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

క్యాన్సర్‌కి వాడే ప్లాటినం మందుల్ని అతిచిన్న (నానో) బంగారం, సిలికా అనే ఇసుక పదార్థం, ఇనుప ఆక్సైడ్ కణాల మీద ఎక్కించి కణితికి పంపే ప్రయత్నాల గురించి ఈ ప్రశ్నలు. ఇవి రెండు వైపుల నుంచి వస్తుంటాయి. ఒకవైపు ఇంట్లో ఎవరికో కీమో నడుస్తున్న వాళ్లు. "నానో మందు వచ్చిందట కదా, మాకు రాస్తారా?" అని వాళ్లడుగుతారు. ఇంకోవైపు ఎమ్మెస్సీ, ఎం.ఫార్మసీ పిల్లలు. "సిలికాలో సిస్‌ప్లాటిన్ ఎక్కిస్తే ప్రాజెక్టు అయిపోతుందా?" అని వాళ్ల ప్రశ్న. ఇద్దరికీ పనికొచ్చేలా ఒకేచోట రాశాను. పేషెంటు తరఫువాళ్లు మధ్యలో కెమిస్ట్రీ వదిలేసి చివరి భాగానికి వెళ్లిపోయినా నష్టం లేదు.

క్యాన్సర్‌కి లోహాలు మందుగా ఇస్తారా?

ఇస్తారు. నలభై ఏళ్లకు పైగా ఇస్తూనే ఉన్నారు. కీమో చీటీలో సిస్‌ప్లాటిన్ అని కనిపిస్తే అది లోహపు మందే. మధ్యలో ఒక ప్లాటినం పరమాణువు, దానికి ఒక పక్కన రెండు క్లోరిన్లు, ఇంకో పక్కన రెండు అమ్మోనియాలు. అంతకన్నా ఏమీ లేదు. కార్బోప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్ దాని తర్వాత పుట్టిన తమ్ముళ్లు. వృషణాలు, అండాశయం, గర్భాశయ ముఖద్వారం, ఊపిరితిత్తులు, మూత్రాశయం, నోరు, గొంతు క్యాన్సర్లకు సిస్‌ప్లాటినో కార్బోప్లాటినో వాడతారు. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆక్సాలిప్లాటిన్. పొగాకు, గుట్కా వల్ల నోటి క్యాన్సర్లు ఎక్కువైన మన ప్రాంతాల్లో రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ ఎక్కించుకోని వార్డు ఉండదు.

ప్లాటినం ఒక్కటే కాదు. ఒక రకం రక్త క్యాన్సర్‌కి ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్‌ను అమెరికా 2000లో అనుమతించింది. ఆర్సెనిక్ పూర్తి లోహం కాదు, అర్ధలోహం. అయినా ఈ కుటుంబంలోనే లెక్క. కీళ్లవాతానికి వాడిన ఆరనోఫిన్ అనే బంగారం మందును ఇప్పుడు క్యాన్సర్ మీద పరీక్షిస్తున్నారు. ప్లాటినం జాతికే చెందిన రుథేనియం అనే లోహం గురించి కింద వేరే చెప్తాను.

సిస్‌ప్లాటిన్‌ను ఎవరు కనిపెట్టారు?

పదార్థాన్ని తయారుచేసింది ఒకరు, అది మందని తెలుసుకున్నది ఇంకొకరు. మధ్యలో నూట ఇరవై ఏళ్లు గడిచాయి. ఇటలీ రసాయన శాస్త్రవేత్త మికెలే పెయ్‌రోనే 1845లోనే ఈ లవణం గురించి రాశాడు. తర్వాత అది సీసాల్లో ఉండిపోయింది.

1960లలో అమెరికాలోని మిచిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే భౌతిక శాస్త్రవేత్తకు ఒక అనుమానం వచ్చింది. విడిపోతున్న జీవకణాన్ని మైక్రోస్కోపులో చూస్తే, అయస్కాంతం చుట్టూ ఇనుప రజను అమరినట్టు కనిపిస్తుంది కదా, మరి విద్యుత్తు కణ విభజనను మారుస్తుందా అని. బ్యాక్టీరియా ఉన్న ద్రావణంలో ప్లాటినం ఎలక్ట్రోడ్లు పెట్టి కరెంటు పంపాడు. బ్యాక్టీరియా విడిపోవడం మానేసి పొడుగ్గా, దారాల్లా సాగిపోయాయి. కొన్ని మామూలు పొడవుకు 300 రెట్లు. కరెంటు ప్రభావమే అనుకున్నారు ముందు. తీరా ఆరా తీస్తే, ఎలక్ట్రోడ్ల నుంచి కాస్త ప్లాటినం కరిగి, ద్రావణంలోని అమ్మోనియం క్లోరైడుతో కలిసి పెయ్‌రోనే లవణం లాంటివి తయారవుతున్నాయి. ప్లాటినం ఏ మార్పూ చెందని లోహమని నమ్మి ఎలక్ట్రోడ్లుగా పెట్టారు. అదే కరిగింది! 1965లో ఈ సంగతి, 1969లో ఎలుకల కణితులు తగ్గిన సంగతి బయటికొచ్చాయి. 1978 చివర్లో అమెరికా అనుమతి దొరికింది. అప్పటిదాకా ఒళ్లంతా పాకితే ఆశ వదులుకునే వృషణాల క్యాన్సర్‌లో, ఈ మందు చేరాక పదిమందిలో దాదాపు ఎనిమిది మంది బతికి బయటపడుతున్నారు.

కణం లోపలికి వెళ్లి అది చేసే పని ఏంటి?

రక్తంలో క్లోరైడు ఎక్కువ, సుమారు 100 మిల్లీమోలార్. అక్కడ సిస్‌ప్లాటిన్ తన రెండు క్లోరిన్లను పట్టుకునే ఉంటుంది. జీవకణంలోకి దూరాక క్లోరైడు బాగా తక్కువ. దాంతో క్లోరిన్లు జారిపోయి వాటి స్థానంలో నీరు చేరుతుంది. ఇప్పుడు ప్లాటినానికి రెండు చేతులు ఖాళీ. ఆ చేతులతో డీఎన్ఏలో పక్కపక్కన ఉన్న రెండు గ్వానైన్లను (డీఎన్ఏ అక్షరాల్లో ఒకటి) పట్టుకుంటుంది. డీఎన్ఏ అక్కడ వంగిపోతుంది. కణం దాన్ని సరిచేసుకోలేకపోతే తనను తాను చంపుకుంటుంది.

సెలైన్‌లోనే సిస్‌ప్లాటిన్ కలిపి ఎక్కించడానికి కారణం కూడా ఈ క్లోరైడే. ఉప్పు లేని ఉత్త గ్లూకోజు నీళ్లలో మందు చేతులు ముందే ఖాళీ అయిపోతాయి.

మందు అంత బాగా పనిచేస్తుంటే దానికి ఒక వాహనం ఎందుకు?

పనిచేస్తుంది, కానీ ఎక్కడ పడితే అక్కడ పనిచేస్తుంది. క్యాన్సర్ కణమా, కిడ్నీ కణమా అని చూడదు. కిడ్నీలు దెబ్బతింటాయి, చెవిలో హోరు మొదలై వినికిడి తగ్గుతుంది, కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కుతాయి. వాంతుల సంగతి చెప్పక్కర్లేదు. ఇప్పుడు వాంతులకు మంచి మందులున్నాయి కాబట్టి సరిపోయింది, ఎనభైల్లో కొందరు వాంతులు తట్టుకోలేక కీమో మధ్యలో మానేసేవారు. చెవి దెబ్బతింటే మాత్రం తిరిగి రాదు. పిల్లల్లో ఆ నష్టం తగ్గించడానికి సోడియం థయోసల్ఫేట్‌కు అమెరికా అనుమతి 2022లో గానీ రాలేదు.

ఇంకో చిక్కు ఉంది. నరంలోకి ఎక్కించిన ప్లాటినంలో చాలా భాగం కొన్ని గంటల్లోనే రక్తంలోని ప్రొటీన్లకు అతుక్కుపోయి పనికిరాకుండా పోతుంది. ప్రొటీన్లలో గంధకం ఉంటుంది, ప్లాటినానికి గంధకం అంటే విపరీతమైన మోజు. దాన్ని దాటి కణంలోకి చేరినా, అక్కడ గ్లూటాథయోన్ అనే ఇంకో గంధకపు అణువు కాపు కాసి ఉంటుంది. లోపలికి వెళ్లిన ప్లాటినంలో చివరికి డీఎన్ఏ దాకా చేరేది నూటికి ఒక వంతు ఉంటే గొప్ప. పైగా ముదిరిన క్యాన్సర్ కణాలు మందు వచ్చే తలుపుల్ని తగ్గించుకుంటాయి, గ్లూటాథయోన్ పెంచుకుంటాయి, దెబ్బతిన్న డీఎన్ఏను త్వరగా అతికించుకుంటాయి. అప్పుడు మందు "మొండికేసింది" అంటాం.

దారిలో ఎవరికీ దొరక్కుండా మూటకట్టి పంపాలన్న ఆలోచన ఇక్కడి నుంచి వచ్చింది. చిన్న అణువుగా కాక, దానికన్నా పెద్దదైన నానో కణంలో కూర్చుని వెళ్తే అది వేరే తలుపులోంచి లోపలికి పోతుంది. జీవకణం ఆ మూటను మింగేస్తుంది.

అకర్బన నానో కణం అంటే?

ఒక మీటరును వంద కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు. ఎర్ర రక్తకణం వెడల్పు సుమారు 7000 నానోమీటర్లు. మనం మాట్లాడుకునే వాహనాలు సాధారణంగా 5 నుంచి 200 మధ్య ఉంటాయి. సిస్‌ప్లాటిన్ అణువు ఒక నానోమీటరు కూడా ఉండదు. కొవ్వు బుడగలు (లిపోసోములు), పాలిమర్ గుళికలు కర్బన వాహనాలు. బంగారం, సిలికా, ఇనుప ఆక్సైడ్ వంటివి అకర్బనం. ఇవి గట్టిగా ఉంటాయి, సైజు కచ్చితంగా కుదురుతుంది, వీటికి సొంత గుణాలూ ఉంటాయి: ఒకటి వెలుతురుకు వేడెక్కుతుంది, ఇంకొకటి అయస్కాంతం వైపు లాగబడుతుంది. కొవ్వు బుడగకు ఆ విద్యలు రావు.

మందును దాని మీద ఎలా ఎక్కిస్తారు?

మూడు దారులు. మొదటిది, నానో కణంలో సన్నని రంధ్రాలుంటే అందులో నానబెట్టడం. తేలిక, కానీ తేలిగ్గా ఎక్కింది తేలిగ్గానే కారిపోతుంది. రెండోది, నానో కణం పైన కార్బాక్సిలేట్ అనే ఆమ్లపు చేతులు మొలిపించి, క్లోరిన్లు తీసేసిన ప్లాటినాన్ని వాటికి తగిలించడం. ఇది కార్బోప్లాటిన్ నమూనాయే, ఆమ్లం తగిలితే ఊడుతుంది.

మూడోది నాకు అన్నిటికన్నా తెలివైనదిగా అనిపిస్తుంది. సిస్‌ప్లాటిన్‌లో ఉన్నది రెండు ఆవేశాల ప్లాటినం. దాన్ని నాలుగుకు పెంచితే పైనా కిందా ఇంకో రెండు చేతులు వస్తాయి, అణువు మొద్దుబారిపోతుంది. రక్తంలో ఎవరితోనూ పెద్దగా కలవదు. ఆ కొత్త చేతుల్లో ఒకదాన్ని వాహనానికి కట్టేయొచ్చు. జీవకణం లోపల గ్లూటాథయోన్ లాంటివి దానికి ఎలక్ట్రాన్లు ఇవ్వగానే చేతులు రాలిపోయి అసలైన సిస్‌ప్లాటిన్ బయటపడుతుంది. అంటే మందును అడ్డుకునే గ్లూటాథయోన్ చేతే తాళం తీయిస్తున్నామన్నమాట. ఎంఐటీలో స్టీఫెన్ లిప్పార్డ్, నార్త్‌వెస్టర్న్‌లో చాడ్ మిర్కిన్ బృందాలు కలిసి 2009లో డీఎన్ఏ తొడిగిన బంగారు కణాల మీద ఇలాంటి నాలుగు ఆవేశాల ప్లాటినాన్ని కట్టి జీవకణాల్లోకి పంపి చూపించాయి. వాహనం లేకుండా మాత్రగా వాడాలని చూసిన శాట్రాప్లాటిన్ కూడా ఈ జాతిదే, దానికి అనుమతి రాలేదు.

ఏ కణం మంచిది? బంగారమా, సిలికానా, ఇనుమా?

దీనికి ఒక్క మాటలో జవాబిచ్చేవాళ్లను నమ్మకండి. ఒక్కోదానికి ఒక్కో గొడవ.

బంగారం అందరికీ ముద్దు. 1857లోనే మైఖేల్ ఫారడే ఎర్రటి బంగారు ద్రావణం చేసి చూపించాడు. 1951 నుంచి సిట్రేట్ పద్ధతి ఉంది, బీఎస్సీ ల్యాబులో కూడా ఒక పూటలో చేసేయొచ్చు. కడ్డీల ఆకారంలో చేసి పరారుణ కాంతి పడేస్తే వేడెక్కుతుంది, మందూ వేడీ రెండూ ఒకేచోట పడతాయి. కానీ బరువు లెక్క చూడండి. 2010లో స్కాట్లండ్‌లోని స్ట్రాత్‌క్లైడ్ పరిశోధకులు ఆక్సాలిప్లాటిన్‌లోని ప్లాటినం భాగాన్ని బంగారు కణాలకు తగిలించారు. ఒక్కో కణానికి సుమారు 280 అణువులు ఎక్కాయి. ల్యాబులో పెంచిన క్యాన్సర్ కణాల మీద బాగానే పనిచేసింది. అయితే 30 నానోమీటర్ల బంగారు గోళంలో 8 లక్షలకు పైగా బంగారు పరమాణువులుంటాయి. అంత గోళం మీద మూడొందల లోపు ప్లాటినం అంటే, పావలా కోడికి ముప్పావలా మసాలా అన్న సామెత కూడా చాలదు. మనిషికి సరిపడా మందు పంపాలంటే ఎంత బంగారం ఎక్కించాలో ఊహించండి. పైగా బంగారం కరగదు. ఇంకో తిరకాసు: బంగారం మీద పూతలు నిలబెట్టేది గంధకం, ప్లాటినం ఎగబడేదీ గంధకం మీదికే. జాగ్రత్త లేకపోతే మందు పూత మీదికి కాకుండా, పూత వేళ్లకు అంటుకుంటుంది.

సరుకు మోయడంలో సిలికా గెలుస్తుంది. మామూలు ఇసుకలోని పదార్థమే, తేనెపట్టులా రంధ్రాలు పొడిచి చేస్తారు. 1992లో మొబిల్ ఆయిల్ కంపెనీ శాస్త్రవేత్తలు ఎంసీఎం-41 పేరుతో ఈ రంధ్రాల సిలికాను బయటపెట్టారు, వాళ్లకు కావలసింది పెట్రోలియం పనికి. 2001లో స్పెయిన్‌లో మరియా వాలెట్-రెజీ బృందం అందులో ఐబుప్రోఫెన్ నింపి, మందులకూ పనికొస్తుందని చూపించింది. ఇలాంటి పొడి ఒక్క గ్రాములో లోపలి గోడలన్నీ పరిస్తే సుమారు 1000 చదరపు మీటర్లు. మన లెక్కలో పాతిక సెంట్ల స్థలం! రంధ్రాల నోళ్లకు మూతలు పెట్టొచ్చు, ఆమ్లం తగిలితే తెరుచుకునేలా. శరీరంలో మెల్లగా కరిగి సిలిసిక్ ఆమ్లంగా మూత్రంలో పోతుంది. నన్ను ఒకటి ఎంచుకోమంటే దీన్నే ఎంచుకుంటాను, కరిగిపోతుంది కాబట్టి.

ఇనుప ఆక్సైడ్‌కి ఉన్న బలం, అది శరీరానికి పాత పరిచయస్తుడు. ఫెరుమోక్సిటాల్ అనే ఇనుప ఆక్సైడ్ నానో కణాన్ని కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల రక్తహీనతకు 2009 నుంచి అమెరికాలో ఇస్తున్నారు. లోపలికి వెళ్లిన ఇనుము చివరికి రక్తంలో కలుస్తుంది. ఎంఆర్ఐలో నల్లగా కనిపిస్తుంది కాబట్టి మందు ఎక్కడికి చేరిందో చూడొచ్చు. సిస్‌ప్లాటిన్ వల్ల జీవకణంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పెరుగుతుంది, ఇనుము దాన్ని మరింత ప్రమాదకరమైన రాడికల్స్‌గా విరుస్తుంది. ఇద్దరూ కలిసి దెబ్బ కొడతారని ఈ జతమీద చాలామంది పనిచేస్తున్నారు. దోషం లేకపోలేదు: ఫెరుమోక్సిటాల్‌కి అరుదుగా ప్రాణం మీదికి తెచ్చే ఎలర్జీ ఉందని 2015లో గట్టి హెచ్చరిక చేర్చారు.

మిగతావి క్లుప్తంగా. కాల్షియం ఫాస్ఫేట్ ఎముకలోని పదార్థమే, ఆమ్లంలో కరుగుతుంది, బాగుంది. పొరల హైడ్రాక్సైడ్లు కూడా అంతే. కార్బన్ నానో గొట్టాలు పొడుగ్గా ఉంటే ఆస్బెస్టాస్ లాంటి వాపు తెస్తాయని 2008లో ఎలుకల్లో కనిపించింది. విషలోహమైన కాడ్మియం ఉన్న క్వాంటం డాట్లు (వెలుగునిచ్చే నానో స్ఫటికాలు) మందు మోయడానికి వద్దు.

కణితి ఎక్కడుందో ఆ కణానికి ఎలా తెలుస్తుంది?

తెలియదు. పేపర్లలో "గురి చూసి కొట్టే క్షిపణి" అని రాస్తారు చూడండి, ఆ మాట నాకు ఒళ్లు మంట. నానో కణానికి కళ్లూ లేవు, ఇంజినూ లేదు. రక్తం ఎటు తోస్తే అటు పోతుంది.

1986లో జపాన్‌లో మాట్సుమురా, మయేదా ఒక విషయం గమనించారు: కణితి హడావిడిగా కట్టుకున్న రక్తనాళాలకు కన్నాలుంటాయి, పెద్ద అణువులు అక్కడ బయటికి కారి నిలిచిపోతాయి. ముప్పై ఏళ్లు ఈ రంగమంతా దాని మీదే నడిచింది. ఎలుకల్లో బాగానే నడిచింది కూడా. మనుషుల కణితులు మాత్రం ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటాయి. 2016లో టొరంటోలోని వారెన్ చాన్ బృందం అంతకుముందు పదేళ్ల పరిశోధనల్ని పోగేసి లెక్క కట్టింది. ఎక్కించిన నానో కణాల్లో కణితికి చేరేది మధ్యస్థంగా (లెక్కలన్నీ వరసపెడితే నడిమిది) 0.7 శాతం. నూటికి ఒకటి కూడా కాదు! ఈ లెక్క కట్టిన పద్ధతి మీద వాదాలు జరిగాయి, అయినా మిగతా తొంభై తొమ్మిది ఎక్కడికి పోయాయన్న ప్రశ్న అలాగే ఉంది. ఎక్కువ భాగం కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. అదే బృందం 2020లో ఇంకో బాంబు పేల్చింది: కణితిలోకి వెళ్లే నానో కణాల్లో చాలావరకు కన్నాల్లోంచి కారడం లేదు, రక్తనాళపు గోడలోని జీవకణాలే వాటిని మోసి అవతల పడేస్తున్నాయని.

యాంటీబాడీలు, ఫోలిక్ ఆమ్లం లాంటివి తగిలించి "అడ్రసు" రాయొచ్చు. కానీ రక్తంలో దిగిన నిమిషాల్లో ప్రొటీన్లు వచ్చి కణం చుట్టూ పేరుకుంటాయి, రాసిన అడ్రసు కిందపడిపోతుంది.

చేరిన తర్వాత మందు దిగుతుందా?

నన్నడిగితే అసలు పరీక్ష ఇదే. దారిలో కారకూడదు, గమ్యంలో ఆగకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి పడవు.

దీనికి మంచి పాఠం అకర్బన కణాల్లోది కాదు, కొవ్వు బుడగలది. ఎస్పీఐ-77 అని సిస్‌ప్లాటిన్‌ను లిపోసోములో మూటకట్టారు. రక్తంలో చాలాసేపు తిరిగింది, కిడ్నీలకు పెద్దగా హాని చేయలేదు. అందరూ సంబరపడ్డారు. రోగుల్లో చూస్తే క్యాన్సర్ మీదా పెద్దగా పనిచేయలేదు. మూట గట్టిగా కట్టారు, విప్పేవాళ్లు లేరు! కిడ్నీకి హాని లేదంటే మందు భద్రంగా ఉందనే కాదు, అసలు బయటికే రాలేదని కూడా కావచ్చు.

అకర్బన కణాల్లో విప్పే ఉపాయాలు ఎక్కువున్నాయి. రక్తం పీహెచ్ (తగ్గేకొద్దీ ఆమ్లం పెరిగినట్టు) 7.4, కణితి చుట్టూ కొంచెం తక్కువ, జీవకణం మింగిన సంచిలో 5 దాకా పడిపోతుంది. ఆ ఆమ్లానికి మూత ఊడేలా చేయొచ్చు. రక్తంలో గ్లూటాథయోన్ చాలా తక్కువ, జీవకణంలో దానికి వందల రెట్లు. ఆ తేడాతో తాళం తీయించొచ్చు. బయటి నుంచి కాంతి, మారే అయస్కాంత క్షేత్రం వాడొచ్చు, కాకపోతే కాంతి చర్మం కింద ఒకట్రెండు సెంటీమీటర్లు దాటి పోదు. కాలేయం లోతులో ఉన్న గడ్డకు అది కుదరదు.

పని అయ్యాక ఆ కణం ఏమవుతుంది?

సుమారు 6 నానోమీటర్ల లోపుంటే కిడ్నీ వడకట్టి బయటికి పంపేస్తుంది. అంతకన్నా పెద్దవి కాలేయంలో చిక్కుకుంటాయి. కరిగేదైతే కరుగుతుంది. బంగారమైతే ఎలుకల్లో నెలల తరబడి అక్కడే కూర్చుంది. ప్లాటినాన్ని కిడ్నీ నుంచి తప్పించి కాలేయంలో పోగుచేస్తే మనం చేసింది బదిలీయే. అందుకే ఈ రంగంలో ఏ పేపరు చదివినా నేను ముందు కాలేయం లెక్కలున్న పేజీకి వెళ్తాను. అవి లేకపోతే పక్కన పెట్టేస్తాను.

సిలికా అంటే క్వారీ కూలీలకు వచ్చే ఊపిరితిత్తుల జబ్బు కదా?

ఆ జబ్బు తెచ్చేది స్ఫటిక రూపంలోని సిలికా దుమ్ము, అదీ ఏళ్ల తరబడి పీలిస్తే. మందు మోసే సిలికాకు స్ఫటిక నిర్మాణం ఉండదు, నరంలో ఎక్కిస్తారు, కరుగుతుంది. రెండూ వేరు. అయితే రంధ్రాల సిలికా కూడా పూత లేకుండా వేస్తే ఎర్ర రక్తకణాల్ని పగలగొట్టగలదు.

మరి ఇప్పుడు హాస్పిటల్లో దొరుకుతుందా?

లేదు. ప్లాటినం గానీ, రుథేనియం గానీ మోసే అకర్బన నానో కణం ఏదీ రోగులకు వాడే మందుగా అనుమతి పొందలేదు. ఎవరైనా ఉందని అమ్మజూపితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

అకర్బన కణాలు క్యాన్సర్ వైద్యంలోకి అసలు రాలేదా అంటే, మందు మోయని పనుల్లో వచ్చాయి. మెదడు కణితిలో ఇనుప ఆక్సైడ్ దింపి అయస్కాంతంతో వేడిచేసే పద్ధతికి యూరప్‌లో 2010లో అనుమతి వచ్చింది. రేడియేషన్ ప్రభావం పెంచే హాఫ్నియం ఆక్సైడ్ కణాలకు 2019లో అక్కడే ముద్ర పడింది. ఆరేడు నానోమీటర్ల సిలికా చుక్కల్ని న్యూయార్క్‌లో మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) రోగులకు ఎక్కించి, ఎక్కడ చేరాయో స్కాన్లో చూశారు. ఐదుగురి మీద చేసిన ఆ ఫలితాలు 2014లో వచ్చాయి. ఇవన్నీ కణమే మందైన, లేదా కణమే దీపమైన సందర్భాలు. బండిగా మారి సరుకు దింపడం అంతకన్నా కష్టం.

మా బిల్లులో "నానో" అని రాసి ఉందే?

అది బహుశా ఆల్బుమిన్ ప్రొటీన్‌తో చుట్టిన పాక్లిటాక్సెల్, లేదా లిపోసోములోని డాక్సోరూబిసిన్. రెండూ అసలైన, అనుమతి ఉన్న మందులే. లోహం ఉండదు, వాహనమూ అకర్బనం కాదు.

నానో బంగారం అంటే మన స్వర్ణభస్మమే కదా?

ఈ ప్రశ్న ప్రతి సభలోనూ ఎవరో ఒకరు లేచి అడుగుతారు. స్వర్ణభస్మాన్ని పుటాలు పెట్టి చేస్తారు, అందులో నానో సైజు బంగారపు స్ఫటికాలున్నాయని పరీక్షల్లో తేలిన మాట నిజమే. కానీ అవి ముద్దలు కట్టి రకరకాల సైజుల్లో ఉంటాయి. వాటి మీద పూత లేదు, కట్టిన మందు లేదు, నోట్లో వేసుకుంటే కణితి దాకా వెళ్లే దారి లేదు. క్యాన్సర్ తగ్గించిందని మనుషుల్లో రుజువు లేదు. ఇంకా ముఖ్యమైనది: కొన్ని రసౌషధాల్లో పాదరసం, సీసం ఉండి విషప్రభావం వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. సిస్‌ప్లాటిన్ నడుస్తున్నప్పుడు కిడ్నీల మీద పాదరసం కూడా పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తీసుకుంటుంటే దాచకండి, డాక్టరుగారికి చెప్పండి.

రుథేనియం వస్తోందట, ప్లాటినం పోతుందా?

ఇప్పట్లో పోదు. ఇటలీలోని ట్రియెస్తెలో పుట్టిన నామీ-ఏ, వియన్నాలో కెప్లర్ బృందం చేసిన కేపీ1019 మనుషుల దాకా వెళ్లాయి. మొదటిది ఆగిపోయింది. రెండోది నీళ్లలో సరిగా కరగక, దాని సోడియం లవణంతో ముందుకు నడిచారు. చూశారా, ఇక్కడ సమస్య మందు బలం కాదు, దాన్ని శరీరంలో దింపడం. అంతకుముందు టైటానియం మందులదీ ఇదే గతి: నీటిలో నిలవక, సరైన రూపం కుదరక ట్రయల్స్‌లో పడిపోయాయి. అందుకే ప్లాటినం కన్నా ఇలాంటి కరగని లోహాలకే వాహనాల అవసరం ఎక్కువని నా అభిప్రాయం.

మావాళ్లకు ఇప్పుడు సిస్‌ప్లాటిన్ నడుస్తోంది. నానో కోసం ఆగాలా?

ఒక్కరోజు కూడా ఆగొద్దు. ఉన్న మందును సరిగా ఎక్కించుకోవడంలోనే చాలా ఉంది. ముందూ తర్వాతా సెలైన్ ఎక్కించడం కిడ్నీల కోసం, "నీళ్లు ఎక్కిస్తూ టైం వేస్టు చేస్తున్నారు" అనుకోవద్దు. మా ఇంట్లోనే ఒకరు త్వరగా బయల్దేరాలని సెలైన్ సగంలో తీయించుకున్నారు, ఆ తర్వాత వారం క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసి అందరికీ టెన్షన్. ప్రతి విడతకు ముందు క్రియాటినిన్, మెగ్నీషియం, పొటాషియం చూస్తారు. మూత్రం తగ్గినా, చెవిలో హోరు వచ్చినా, వేళ్లు తిమ్మిరెక్కినా చిన్న విషయమని ఊరుకోకుండా చెప్పండి. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు మెడికల్ షాపులో అడిగి వేసుకోకండి, కిడ్నీకి రెండో దెబ్బ. అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేరే డాక్టరు రాస్తే, సిస్‌ప్లాటిన్ నడుస్తోందని ముందే చెప్పండి, చెవికీ కిడ్నీకీ రెండిటికీ ప్రమాదం.

ట్రయల్‌లో చేరమంటే?

మన దేశంలో 2009 నుంచి ప్రతి ట్రయల్‌నూ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ జాబితాలో నమోదు చేయాలి. నంబరు అడిగి ఇంటర్నెట్లో చూసుకోండి. పరీక్షిస్తున్న మందుకు మీ దగ్గర డబ్బు అడిగితే అనుమానించండి. సమ్మతి పత్రం మీకు వచ్చిన భాషలో ఉండాలి, మధ్యలో మానేసే హక్కు మీదే. నానో మందుల్ని ఎలా పరీక్షించాలో మన బయోటెక్నాలజీ శాఖ 2019లో మార్గదర్శకాలు కూడా వేసింది.

నేను స్టూడెంటుని. ఈ పని చేయాలంటే ఏం చూసుకోవాలి?

హైదరాబాద్‌లో ఐఐసీటీ (రసాయన పరిశోధన సంస్థ), నైపర్ (ఫార్మసీ పరిశోధన సంస్థ), సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల కెమిస్ట్రీ, మందులు రెండూ తెలిసినవాళ్లుంటారు. పరికరాల కోసం కంగారుపడకండి, కింద చెప్పే తప్పులు చేయకుండా ఉంటే సగం గెలిచినట్టే.

సిస్‌ప్లాటిన్‌ను డీఎంఎస్ఓలో (ల్యాబుల్లో మామూలుగా వాడే ద్రావణి) కరిగించకండి. నీళ్లలో సరిగా కరగట్లేదని అందరూ చేసే పని ఇదే. డీఎంఎస్ఓలో ఉన్నది గంధకమే, అది క్లోరిన్‌ను తోసేసి ప్లాటినాన్ని పట్టేస్తుంది, మందు చచ్చిపోతుంది. 2014లో దీని మీద గట్టిగా హెచ్చరిస్తూ పరిశోధన వచ్చినా ఇంకా చేస్తూనే ఉన్నారు. అలా చచ్చిన మందుతో పోల్చి "మా నానో కణం పదిరెట్లు మేలు" అని రాసుకుంటే ఆ మేలు ఎక్కడిదో అర్థమయింది కదా. అలాగే అల్యూమినియం సూది వాడకండి, నల్లటి మడ్డి దిగుతుంది. సిస్‌ప్లాటిన్ ద్రావణాన్ని ఫ్రిజ్‌లో పెట్టకండి, స్ఫటికాలు పడతాయి.

ఎంత మందు ఎక్కిందో చెప్పేటప్పుడు, ద్రావణంలో మిగిలింది తీసేసి లెక్క కట్టడం కాకుండా, నానో కణాల్ని కరిగించి ఐసీపీ-ఎంఎస్‌లో (లోహాల్ని అతి తక్కువ మోతాదులోనూ కొలిచే యంత్రం) ప్లాటినాన్ని నేరుగా కొలవండి. ప్లాటినం గాజు గోడలకూ ట్యూబులకూ అంటుకుంటుంది, అదంతా మీ కణంలోకి ఎక్కిందని పొరబడతారు. ఖాళీ కణాల్ని, ఖాళీ కణాలకు విడిగా మందు కలిపిన మిశ్రమాన్ని, రెండిటినీ పోలికకు పెట్టండి. రెండోది పెట్టని థీసిస్‌లే ఎక్కువ. మందు కారడాన్ని ఉత్త నీళ్లలో కాక, ఉప్పు, ప్రొటీన్లు ఉన్న సీరంలో ఒక రోజంతా చూడండి. నీళ్లలో బిగిసి కూర్చున్న ప్లాటినం సీరంలో గంటకే దిగిపోవడం చూశాక, చాలామంది ప్రాజెక్టు టైటిల్ మార్చుకున్నారు.